ఉత్తరువును ఉపాధ్యాయుడును

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మనలో నొక సామెత కలదు. విద్యావిషయమున ప్రభుత్వమువారు మంచి యేర్పాటొకటి చేయుటయు, అది పల్లెలోని పాఠశాలకు చేరునప్పటికి రూపు మారిపోవుటయు చూచినప్పుడెల్ల మనమీ సామెతను జ్ఞప్తికి దెచ్చుకొందుము. చట్టము మంచిదే గాని పంతులు సరిగా నడపలేదని తీర్పు చెప్పి, నేరమంతయు నాతనిపై మోపి ఊరకుందుము. ఆ పూజారికి జీతమెంత, ఆ వరము నాతడేమని గ్రహించెను, వరమును పంచినందుకు గాక పంచినట్లు లెక్క చూపినందుకే యాతనికి కూలి దొరకునట్లు చేసినవారెవరు అని యడుగువా రరుదు. ఈ ప్రశ్నల నడుగకుండ విద్యాసంస్కరణమునుగూర్చి మాటలాడుట, బావిలో నీరున్నదో లేదో చూడక చేదను నిందించుట వంటిది.

ఈ విషయమున మనకు మంచి పాఠము చెప్పగల కథ యొకటి చరిత్రయందు కలదు. దానిలో సగము చెన్నపురి రాజధానిలోను, సగము ఇంగ్లండులోను జరిగినది. మన వీధిబడినుండి యొక పద్ధతి సముద్రము దాటి పోయినది. కొంతకాలమునకు అచ్చటినుండి వేరొక పద్ధతి సముద్రము దాటి మన వీధిబడికి వచ్చినది. రెండింటి మంచిచెడ్డలను తుదకు నిర్ణయించినవాడు ఉపాధ్యాయుడే.

1789వ సంవత్సరమున చెన్నపట్టణమునందలి ఎగ్మూరులో సైనికుల మగపిల్లలకై స్థాపింపబడిన అనాథశరణాలయమునకు డాక్టరు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యెను. ఆయన యొకనాడు దేశీయుల బడిలో పిల్లలు నేలపై ఇసుక పఱచి, దానిపై వ్రేలితో అక్షరములు దిద్దుచుండుట చూచెను. పలకలేదు, కాగితములేదు, ఖర్చులేదు; వ్రాయుటయు చదువుటయు ఒక్కమాఱే వచ్చుచున్నవి. ఇట్లే మన బడిలోను నేర్పుడని ఆయన తన యుపాధ్యాయుల కాజ్ఞాపించెను. వారు అది సాధ్యము కాదనిరి. అంతట ఆయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి చిన్నపిల్లల తరగతి నప్పగించెను. పెద్దలు సాధ్యముకాదన్న పనిని ఆ బాలుడు సాధించెను. దానితో పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని బెల్ బడియంతటను ప్రవేశపెట్టి, స్వదేశమునకు మరలిన పిమ్మట 1797లో దానినిగూర్చి యొక చిన్న గ్రంథమును ప్రకటించెను.

ఈ కథను చెప్పువారు సాధారణముగా బెల్ గారి బుద్ధినో, బాలుని చురుకుదనమునో మెచ్చుకొందురు. మనము చూడవలసినది ఆ యుపాధ్యాయుల తిరస్కారమును. వారు నేర్చిన విద్య వేఱు. వారి గౌరవ మా విద్యపై నిలిచియున్నది. నేలపై గూరుచుండి ఇసుకలో వ్రాయించుట తమ కేల యుచితమో వారికి నచ్చజెప్పినవారు లేరు. ఆజ్ఞ మాత్రము వచ్చినది. అర్థముకాని యాజ్ఞను నడపుటకంటె అది సాధ్యము కాదనుటయే వారికి సుకరమైనది. ఉత్తరువునకును ఆచరణమునకును నడుమ ఉపాధ్యాయుని మనస్సొకటి యున్నదనుట కింతకంటె ప్రాతనిదర్శనము మన రాజధానిలో వెదుక నక్కరలేదు.

ఆ పద్ధతి ఇంగ్లండులో మిక్కిలి వ్యాపించెను. అదే కాలమున జోసెఫు లాంకాస్టరు అనునాతడు లండను నగరమున నించుమించుగా నట్టిపద్ధతినే నడపుచుండెను. పేదపిల్లలకు తక్కువ వ్యయముతో చదువు చెప్పదలచిన సంఘములు దానిని చేపట్టినవి. మన వీధిబడిలో పదిపండ్రెండుగురు పిల్లలుందురు. అయ్యవారి కన్ను అందఱిమీదను నుండును. పెద్దవాడు చిన్నవానికి అక్షరము దిద్దించుట యచ్చట ఇంటిలో అన్న తమ్మునికి చెప్పుట వంటిది. ఇంగ్లండులో నొక్కయుపాధ్యాయుని క్రింద వందలకొలది పిల్లలను చేర్చి, ఆ పద్ధతిని సిపాయిల కవాతువలె నడపిరి. పేరొకటే, పనితీరొకటే, విద్య మాత్రము వేఱైనది. ఒకచోట పండిన విత్తనము వేఱొకచోట నాటినప్పుడు నేలను, నీటిని, సేద్యగానిని విచారింపవలయునని రైతు ఎఱుగును. విద్యాధికారులు చాలకాలమున కిది నేర్చికొనిరి. ఇంకను పూర్తిగా నేర్చికొనలేదనియు చెప్పవచ్చును.

ఇక మన బడులు ఎట్లుండెనో చూతము. 1822లో చెన్నపురి గవర్నరగు సర్ థామస్ మన్రో ప్రతి జిల్లాలోను ఎన్ని బడులున్నవో, ఎందఱు చదువుచున్నారో తెలుపుడని కలెక్టర్లను కోరెను. వచ్చిన జవాబులలో మిక్కిలి విపులమైనది 1823లో బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ వ్రాసినది. ఈయన తెనుగు నేర్చి, 1816లో తెనుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడు. కావున ఈయన మాటలు పైపైన చూచినవాని మాటలు కావు. ఆ జిల్లాలో 9,27,857 మంది జనులకు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. బడులలో 235 కన్నడమువి, 226 తెనుగువి. పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పు పద్ధతిని ఆయన ప్రశంసించి, ఇంగ్లండు దానిని అనుకరించుట తగియున్నదనెను. కాని వెంటనే యింకొక మాటయు చెప్పెను: పిల్లలు వల్లించు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదు, వాని యర్థము పిల్లలకు తెలియదు, పలువురు బోధకులకును తెలియదు. ప్రజలు నానాటికి పేదలగుచుండుటచేత బోధకునకు జీతమిచ్చుకొనలేని కుటుంబములు హెచ్చుచున్నవనియు, బడులు తగ్గుచున్నవనియు ఆయన వ్రాసెను.

జిల్లాలన్నిటి లెక్కలను చూచి 1826లో మన్రో తన యభిప్రాయమును తెలిపెను. రాజధానియందంతటను 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలినది. బోధకుడు నెలకు ఆఱేడు రూపాయలకు మించి సంపాదించుట లేదనియు, ఆ రాబడికి యోగ్యులెవ్వరును ఆ వృత్తిలో దిగరనియు ఆయన స్పష్టముగా గుర్తించెను. జిల్లా ముఖ్యస్థలములలోని పాఠశాలల యుపాధ్యాయులకు నెలకు 15 రూపాయలును, తహసీలు పాఠశాలలవారికి 9 రూపాయలును ఇచ్చునట్లు ఆయన యోజించెను. సంస్కరణము జీతమునుండి మొదలుపెట్టిన యీ బుద్ధి మెచ్చదగినది. కాని మన్రో మఱుచటి యేడే పత్తికొండలో విషూచిచే మరణించెను. బడులు తలచినన్ని నెలకొనలేదు. నెలకొనినవి తగిన తనిఖీయు తరిఫీదును లేక క్షీణించినవి. 1836లో తహసీలు పాఠశాలలు ఎత్తివేయబడినవి. ఉపాధ్యాయునికి జీతమిచ్చుట మాత్రమే చాలదు, ఆతనిని సిద్ధపఱుపను వలయునని యీ వైఫల్యము తెలుపుచున్నది.

ఇప్పుడు కథ మరల ఇంగ్లండునకు పోవుచున్నది. అక్కడ 1846నుండి యోగ్యతాపత్రముగల యుపాధ్యాయుల జీతములకు ప్రభుత్వము నేరుగా సహాయము చేయుచుండెను. ఖర్చు పెరిగినది. 1858లో నియమింపబడిన విచారణసంఘము, ఉపాధ్యాయులు పైతరగతుల పిల్లలపై శ్రద్ధ చూపి, చదువను వ్రాయను నేర్వవలసిన చిన్నపిల్లలను ఉపేక్షించుచున్నారని 1861లో తెలిపెను. ఈ నింద పూర్తిగా నసత్యము కాదు. దీనికి మందుగా విద్యాశాఖను నడపుచుండిన రాబర్టు లో అను మంత్రి 1862లో సవరించిన నిబంధనావళిని అమలు జరిపెను. దాని సారమిది: పిల్లల సగటు హాజరునుబట్టి తలకు 4 షిల్లింగులు, ఆఱేండ్లు దాటి, తగినన్ని దినములు బడికి వచ్చిన ప్రతి బిడ్డకును ఇన్స్పెక్టరు చేయు పరీక్షలో చదువు, వ్రాత, లెక్క అను మూడును వచ్చినచో మఱి 8 షిల్లింగులు, ఒక్కొక్క దానిలో తప్పినకొలదిని 2 షిల్లింగుల 8 పెన్నీల కోత. పైగా సొమ్ము ఉపాధ్యాయునికి కాక బడి యజమానులకు చెల్లును. ఉపాధ్యాయుడు వారితో బేరమాడుకొనవలయును. ఈ పద్ధతి చౌకగా నుండనిచో సమర్థముగా నుండుననియు, సమర్థముగా నుండనిచో చౌకగా నుండుననియు మంత్రి పార్లమెంటులో చెప్పెను.

కాగితముపై చూచిన నిందు లోపమేమి? పని చేసినవానికే కూలి, చిన్నవారిని విడువరాదు, మూడు ముఖ్యవిద్యలు ప్రతి బిడ్డకును రావలయును. గృహస్థుడెవడైనను మెచ్చుకొను న్యాయమే. కాని యీ న్యాయమును ఉపాధ్యాయుడెట్లు చదువుకొనెనో చూడుడు. ఆతనికి ప్రతి బిడ్డయు నిన్ని షిల్లింగులుగా కనబడసాగెను. చరిత్రకు, భూగోళమునకు మొదట సొమ్ము లేదు. కావున అవి వెనుకబడినవి. పరీక్షకు నిర్ణయించిన వాచకమొక్కటే. దానిని సంవత్సరమంతయు వల్లింపజేసిన చాలును, చదువ నేర్పనక్కరలేదు. లెక్కలో తెలివికంటె అలవాటు మేలు. తప్పక నెగ్గు బిడ్డకు చెప్పుట వృథా. ఎట్లును నెగ్గలేని బిడ్డకు చెప్పుటయు వృథా. పరీక్షనాడు బడికి రాని బిడ్డ చిల్లిగవ్వయు తేడు గనుక, ఒంటిలో నెట్లున్నను ఆ దినమున వానిని బడికి తేవలయును. ఈ యుపాధ్యాయుడు చట్టమును ధిక్కరించినవాడు కాడు, అక్షరాల నడపినవాడు. దాని ప్రాణమును తీసినది ఆతని యవిధేయత కాదు, విధేయతయే.

ఇది కనిపెట్టినవారిలో ముఖ్యుడు కవియు విమర్శకుడునగు మాథ్యూ ఆర్నాల్డు. ఈయన 1851నుండి 1886వఱకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా పనిచేసెను. కొత్త నిబంధనలను 1862లోనే, తాను ప్రభుత్వోద్యోగియయ్యు, పత్రికాముఖమున ఖండించెను. చదువు, వ్రాత, లెక్క నిజముగా రాకపోయినను పిల్లలను ఆ పరీక్షలో నెగ్గించుట సాధ్యమగుచున్నదనియు, ఇట్టి యాంత్రికమైన యాటలో తుదకు ఉపాధ్యాయులే ఇన్స్పెక్టర్లను ఓడింతురనియు తన నివేదికలలో హెచ్చరించెను. మంత్రి చెప్పిన చౌకతనము మాత్రము సిద్ధించినది: 8 లక్షల పౌండ్లు దాటియుండిన గ్రాంటు కొన్నియేండ్లలో 6½ లక్షలకు లోబడిపోయినది. ఖజానాలో మిగిలిన యా సొమ్ము ఏ బిడ్డల బుద్ధినుండి కోయబడినదో లెక్కగట్టువా రెవరు?

ఈ పద్ధతియే మన రాజధానికి వచ్చినది. 1854నాటి విద్యాశాసనపత్రము దేశీయపాఠశాలలకు ద్రవ్యసహాయము చేయవలయునని విధించియుండెను. చెన్నపురిలో 1868నాటి గ్రాంటు నిబంధనలతో, ప్రాథమిక పాఠశాలలకు పరీక్షాఫలితములనుబట్టి సొమ్మిచ్చుట సాగినది. 1882లో నియమింపబడిన హంటరు సంఘము కళాశాలలకు ఈ పద్ధతి తగదనియు, ప్రాథమిక పాఠశాలల వ్యాప్తికి మాత్రము పనికివచ్చుననియు చెప్పెను. పెద్దవారి చదువునకు పనికిరాని పద్ధతి పసివారి చదువునకు పనికివచ్చుట యెట్లో ఆలోచింపదగినది. దీనివలన మేలేమియు కలుగలేదని చెప్పుట న్యాయము కాదు. ఊరివారిచ్చు గింజలతోను అణాలతోను బ్రదుకుచుండిన వీధిబడి అయ్యవారికి సర్కారు సొమ్ము కొంత కంటబడినది. ఆయన బడి లెక్కలోనికి వచ్చినది. అచ్చుపుస్తకమును, కొత్తగణితమును బడి గడప దొక్కినవి.

కాని యా అయ్యవారి దృష్టితో చూడుడు. ఆయనకు తెలిసిన విద్య ఎక్కములు, శతకపద్యములు, వల్లెవేయుట. కాంబెల్ నాడే చెప్పినట్లు అర్థము పిల్లలకు చెప్పు నలవాటు ఆయనకు లేదు. కొత్తనిబంధన ఆయనతో అర్థము చెప్పుమనలేదు, పరీక్షలో నెగ్గింపుమన్నది. వల్లింపజేసి నెగ్గించుట ఆయన కులవిద్య! పాతబడియొక్క బలహీనతను మాన్పవలసిన మందు ఆ బలహీనతకే వెల గట్టి యిచ్చినది. శతకము పోయి వాచకము వచ్చినది. వల్లె మాత్రము నిలిచినది. ఇంగ్లండునుండి వచ్చిన యంత్రము, మన అలవాటను ఇరుసు దొరకుటచేత ఇచ్చట మఱింత నునుపుగా తిరిగినది. 1904లో కర్జను ప్రభువు విద్యావిధానమునుగూర్చి ప్రకటించిన తీర్మానము ఈ పద్ధతిని తిరస్కరించెను. ఇంగ్లండులో నదియంతకు పూర్వమే, 1890నుండి క్రమముగా సడలి, ఆ దశాబ్దము ముగియకమునుపే అంతరించెను.

చట్టము పోయినతోడనే దాని జాడ పోవునా? పోదని ఎడ్మండు హోమ్సు అను ఇంగ్లీషు ఇన్స్పెక్టరు సాక్ష్యము చెప్పుచున్నాడు. ఈయన ఆ పద్ధతిక్రింద తానే పరీక్షలు చేసినవాడు. ఉద్యోగము విడిచిన పిమ్మట 1911లో నొక గ్రంథము వ్రాసి, తన పూర్వవృత్తిపై తానే తీర్పు చెప్పెను. ముప్పదేండ్లకు పైబడి ఉపాధ్యాయుని స్వబుద్ధిని కట్టివేసి, పిదప ఒక్కనాడు స్వేచ్ఛ యిచ్చినచో, ఆ స్వేచ్ఛతో నేమి చేయవలయునో ఆతనికి తోచలేదని యాయన యభిప్రాయము. పంజరపు తలుపు తీసినను పక్షి వెంటనే యెగురదు. చెడ్డయుత్తరువును రద్దుచేయుటకు సంతకమొకటి చాలును. అది నేర్పిన భయమును రద్దుచేయుటకు ఒక తరము పట్టును.

ఉపాధ్యాయుడు ఉత్తరువునకు వెనుక మాత్రమే నడచునా? ముందును నడువగలడు. గిడుగు రామమూర్తిపంతులుగారు 1880లో, నాడు గంజాము జిల్లాలోనిదైన పర్లాకిమిడిలో, ఉపాధ్యాయులుగా చేరిరి. ఆ ప్రాంతపు కొండలయందుండు సవరల బిడ్డలకు ఏ బడిలోను వారి భాష వినబడదు. వారికి సవరభాషలో చదువు చెప్పుడని ఏ యుత్తరువును పంతులుగారికి రాలేదు. ఆయన తనంత సవరభాష నేర్చి, దానిలో వాచకములు వ్రాసి, తన ఖర్చుతో బడులు పెట్టి చెప్పించిరి. దొరతనమువారు మెచ్చి పారితోషికమీయబోగా, తనకు వద్దు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడనిరి. 1931లో ప్రకటితమైన వారి సవరభాషా వ్యాకరణము ఆ బడిపనికి పండిన పంట. వాడుకభాషకై వారు చేసిన యుద్యమమునకును బడిలోని యనుభవమే యూత. జె.ఏ. యేట్సు అను ఇన్స్పెక్టరు, పిల్లలు బడిలో నేర్చు తెనుగునకును ఇంటిలో నాడు తెనుగునకును ఇంత దూరమేల యని యడిగినప్పుడు, ఆ ప్రశ్నను వినుటకు సిద్ధముగానున్న యుపాధ్యాయులలో రామమూర్తిగారొకరు. అధికారి యాజ్ఞాపింపక ప్రశ్నించుటయు, ఉపాధ్యాయుడు భయపడక యుత్తరమిచ్చుటయు విద్యాచరిత్రలో నపురూపమైన ఘట్టములు. ఈ వ్యాసము ప్రాతభాషలో వ్రాయబడుచున్నను, ఆ ఘట్టమునకు నమస్కరింపక తప్పదు.

ఇదంతయు గతించిన కథ యని యనుకొనవలదు. 2009లో చేయబడి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, బిడ్డను ఒక్క పరీక్షతో కొలువక ఏడాది పొడవున సమగ్రముగా గమనింపుమని యుపాధ్యాయునికి చెప్పినది. ఉద్దేశము ఉత్తమము. నలువదిమంది పిల్లలుగల యుపాధ్యాయుడు దీనిని రెండువిధముల చదువుకొనగలడు: ప్రతి బిడ్డను గమనింపవలయుననియైనను కావచ్చును, ప్రతి బిడ్డ పేరట నొక కాగితము నింపవలయుననియైనను కావచ్చును. తనిఖీకి వచ్చువాడు బిడ్డ నడిగినచో ఉపాధ్యాయుడు మొదటి యర్థమును గ్రహించును. రిజిష్టరు నడిగినచో రెండవ యర్థమును గ్రహించును. ఆ చట్టమే ఉపాధ్యాయుని జనాభా లెక్కలకు, విపత్తు సహాయమునకు, ఎన్నికలకు తప్ప ఇతర బోధనేతరకార్యములకు వినియోగింపరాదని శాసించినది. ఆ హద్దును కాచుటయు అధికారుల విధియే గాని ఉపాధ్యాయుని యొక్కని విధి కాదు. 2019లో చేసిన సవరణ 5, 8 తరగతుల చివర పరీక్ష జరిపి, రెండవ యవకాశమిచ్చినను తప్పినవారిని నిలుపుటకు రాష్ట్రములకు వీలు కల్పించినది. పరీక్ష యుండుటయో లేకుండుటయో యంత ముఖ్యము కాదు. ఆ పరీక్షకు ఉపాధ్యాయుడు భయపడి చెప్పునా, బిడ్డకొఱకు చెప్పునా యనునదియే ముఖ్యము.

చదువరులారా, ఈ నిబంధనలన్నిటికంటె బలమైన నిబంధన యొకటి మన యిండ్లలోనున్నది. సాయంకాలమున బిడ్డ ఇల్లు చేరగానే మనమడుగు మొదటి ప్రశ్నయే అది. ఎన్ని మార్కులు వచ్చెనని తల్లిదండ్రులడిగినచో, ఆ ప్రశ్న మఱునాడు బిడ్డతోగూడ బడికి పోవును. ఉపాధ్యాయుడు దానిని వినును, ప్రభుత్వపు టుత్తరువుకంటె శ్రద్ధగా వినును. నేడు నీకు క్రొత్తగా నేమి తెలిసెనని యడిగినచో అదియు నాతనికి వినబడును. రాబర్టు లో తలకు 8 షిల్లింగుల వెల గట్టెను. మనము గట్టు వెల యేమి?

పూజారి వరమీయలేదని నిందించుటకు ముందు, మన మాతని నేమి యడిగితిమో, ఆతని కేమి యిచ్చితిమో విచారింతము. ఉపాధ్యాయునకు తగిన జీతమును, తగిన శిక్షణమును ఇచ్చి, ఉత్తరువు పంపుటకు ముందు ఆతని మాట విని, పంపిన పిమ్మట లెక్కకు బదులు బిడ్డను చూచు ప్రభుత్వము చేసిన చట్టము అసంపూర్ణమైనను ఫలించును. ఇవి లేని చట్టము ఎంత నిర్దుష్టమైనను ఇసుకపై వ్రాత వంటిది. ఆ ఇసుకపై దిద్దించు చేయి లేనప్పుడు అక్షరము నిలువదు.